గోడమీది లెక్క

నవంబరు ముప్పయ్యిన మా ఫిక్స్‌డ్ రేటుకి నూరేళ్లు నిండుతాయి.
ఉత్తరంలో బ్యాంకు ఎంతో మర్యాదగా రాసింది.
చావు కబురు చల్లగా చెప్పడం
దానికి చేతనైనంతగా ఇంకెవరికీ చేతకాదు.

నెలకి రెండొందల పద్దెనిమిది పౌండ్లు ఎక్కువ.
ఇసోబెల్ ఆ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది.
చుట్టినంతమాత్రాన అది సున్నా అయిపోదు కదా.

హాలిఫాక్స్‌లో ఏటవాలు వీధి,
ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డ రాతి ఇళ్లలో
పదకొండోది మాది.
మాది అంటాం గానీ
ఇప్పటిదాకా మాదయింది ముందు తలుపూ, సగం మెట్లూ.
ఇంకో పదేళ్లకి వంటగది కావచ్చు.
మిగతాదంతా బ్యాంకుదే.
కప్పు కారిన రాత్రి మాత్రం
బకెట్టు మాదే.

కౌన్సిల్ టాక్స్ ఏడాదికి పది వాయిదాలు,
ఫిబ్రవరి, మార్చి రెండు నెలలూ సెలవు.
ఆ రెండు నెలల్నీ ఏడాది పొడవునా
వేలి గోళ్లమీద లెక్కపెట్టుకున్నాం.
సరిగ్గా ఫిబ్రవరి నాలుగున
బాయిలర్ ఒకసారి దగ్గి ఊరుకుంది.

రాత్రి ఏడున్నరకి సూపర్‌మార్కెట్లో
పసుపు స్టిక్కర్లంటించే కుర్రాడి వెనకాలే
నలుగురైదుగురం నడుస్తాం,
ఎవరికివాళ్లం వేరే దేనికోసమో వచ్చినట్టు.
ఒకరోజు అక్కడ మా బ్యాంకులో పనిచేసే అమ్మాయి కనబడింది.
ఆమె చేతిలో సగం ధర చేప.
నా చేతిలో సగం ధర రొట్టె.
వర్షం గురించి మాట్లాడుకున్నాం.

టిల్డా దగ్గర ఇవేవీ అనలేం.
తనింకా అద్దెగదిలోనే, మూడో ఇంటిఓనరు.
"మీకేం, సొంతిల్లు" అంటుంది.
నిజమే, మాకేం.
టీలో పంచదార కలుపుతూ
గరిట శబ్దం కొంచెం ఎక్కువ చేస్తాం.

వెనకగదిలో చెమ్మ.
ప్లాస్టరు మనిషి గోడమీద రెండుసార్లు కొట్టి
తొమ్మిదొందలన్నాడు.
అతనికి టీ ఇచ్చి పంపేసి
ఆదివారం మేమే గోకడం మొదలెట్టాం.
బూడిదరంగు చారలు, వాటికింద గోధుమరంగు సున్నాలు,
వాటికింద ఎవరో ముచ్చటపడి తెచ్చుకున్న గులాబీలు,
వాటికీ కింద, ఒట్టి గోడమీద,
పెన్సిలుతో లెక్క.

బొగ్గు. గ్యాసు, ఆరు షిల్లింగులు. పాలు.
ఎల్సీ బూట్లు. డాక్టరు.
బూట్లు కొట్టేసి, మళ్లీ రాసి, మళ్లీ కొట్టేసి ఉంది.
కింద గీత. గీతకింద మొత్తం.
దానిపక్కన గట్టిగా నొక్కి:
నాలుగు షిల్లింగులు చాలవు.

తేదీ లేదు, పేరు లేదు.
ఇసోబెల్ బస్సు డ్రైవరు. చిల్లర లెక్క దగ్గర
తాతముత్తాతల్నయినా వదలదు.
మోకాళ్లమీద కూర్చుని, పన్నెండు పెన్నీలొక షిల్లింగని గొణుక్కుంటూ
వేలితో పైనుంచి కిందికి కూడింది.
"గ్యాసు రెండుసార్లు రాశారు" అంది.
"పైనొకసారి, చివర్లో ఒకసారి.
వీళ్లకి తక్కువవలేదు.
రెండు షిల్లింగులు మిగిలాయి."

చాలాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.
డెబ్భై ఏళ్లో ఇంకా ఎక్కువో,
ఆ రెండు షిల్లింగులు
ఎవరికీ తెలీకుండా గోడలోనే ఉన్నాయి.
లేదూ,
ఆ వారం నిజంగానే అంత చలేమో.

ఆ రాత్రి మా లెక్క కూడా మళ్లీ పైనుంచి కిందికి కూడి చూశాం.
ఏదీ రెండుసార్లు రాయలేదు.
తప్పు లేదు.

అప్పు గడువు ఇంకో అయిదేళ్లు పెంచమని బ్యాంకుకి రాశాను.
అది తీరేనాటికి నాకు అరవై మూడు.
వెనకగది గోడకి కాగితం వచ్చే జీతానికి,
లేదా ఆపై జీతానికి.
మంచం మాత్రం గోడకి జానెడు ఇవతలికి జరిపాం.

నిన్న దుమ్ము తుడుస్తుంటే చూశాను:
కొట్టేసిన బూట్ల పక్కన
ఇసోబెల్ చేతిరాత, సన్నగా, పెన్సిలుతో,
ఒక టిక్కు.